ప్రింటరుకు అనుమతి

నాలుగు గంటల ఐదు నిమిషాలకు తెర మీద ఆ చిన్న పెట్టె మళ్ళీ తెరుచుకున్నది. ఈ ప్రోగ్రాము ప్రింటరును వాడుకోవాలంటే అడ్మినిస్ట్రేటరు అనుమతి ఉండాలి, పాస్‌వర్డు ఇవ్వండి, అని అది అడుగుతున్నది. ఆ ఖాళీ గడిలో చిన్న గీత ఒకటి వెలుగుతూ ఆరుతూ, పాఠం రాని పిల్ల కనురెప్పలాగా కొట్టుకుంటున్నది. నేను చేతులు ఒళ్ళో పెట్టుకొని, వీపు కుర్చీకి తగలకుండా నిటారుగా కూర్చున్నాను. కాన్వెంటులో సిస్టర్ అనన్సియాటా మా వీపులకూ కుర్చీలకూ నడుమ చెక్క కొలబద్ద దూర్చి చూసేది. దూరకపోతే ఆ కొలబద్దే అరచేతి మీదికి వచ్చేది. అరవై ఎనిమిదేళ్ళు వచ్చినా నా వీపు ఏ కుర్చీనీ నమ్మదు. పాస్‌వర్డు నాకు తెలుసు. ఈ దీవి మొత్తం మీద నాకొక్కదానికే తెలుసు. పదకొండు అక్షరాలు, నాలుగు సెకన్ల పని. ఐదు గంటలకు పడవ కదులుతుంది. ఆ పడవలో నా అన్న మనవరాలు సెయిని, ఏడేళ్ళ పిల్ల, గుండెలో చిల్లు ఉన్న పిల్ల, రాజధాని సువాకు వెళ్ళాలి. సముద్రం అవతలి నుంచి వచ్చిన గుండె వైద్యులు రేపు ఉదయం ఎనిమిదింటికి పిల్లల జాబితా మూసివేస్తారు; ఈ ప్రోగ్రాములో నుంచి అచ్చయి, వరస సంఖ్య పడి, మా మిషన్ ఆస్పత్రి ముద్ర పడిన కాగితం చేతిలో లేని పిల్లను గడప దాటనివ్వరు. చేతిరాత చెల్లదు, పోయిన ఏడు చేతిరాతతో వెళ్ళిన ఇద్దరిని వెనక్కి పంపారు, అందులో ఒకణ్ణి ఈస్టరుకు ముందే పాతిపెట్టాము. బుధవారం గాలివానకు టవరు పడిపోయి ఫోనూ లేదు, ఇంటర్నెట్టూ లేదు. ఇదంతా నాకు తెలుసు. తెలిసే చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను.

వరండాలో నా అన్న కలియోపాతే నేల మీద కూర్చున్నాడు. కిటికీ ఊచల సందుల్లో నుంచి ఆయన వీపు మాత్రం కనిపిస్తున్నది, ఆదివారపు తెల్ల చొక్కా, మెడ దగ్గర చెమట మరక, భుజాలు ఒకప్పుడు పడవను ఒంటరిగా ఇసుక మీదికి లాగిన భుజాలు. డెబ్బై ఒకటి నిండినాయి. నాకు పన్నెండు దాటిన నాటి నుంచి ఆయన గొంతు నా పేరు పలకలేదు, నా గొంతు ఆయన పేరు పలకలేదు. మా దీవిలో అన్నకూ చెల్లెలికీ నడుమ ఉండవలసిన మర్యాద అది. ఒకే గుమ్మంలో ఎదురుపడితే ఒకరు పక్కకు తిరగాలి, ఒకే పళ్ళెంలో చేయి పెట్టకూడదు, చెప్పవలసినది ఏదైనా మూడో మనిషి నోట చేరాలి. యాభై ఆరేళ్ళుగా నేను ఆయన వీపును ఎరిగినంతగా ముఖాన్ని ఎరుగను. పెళ్ళిళ్ళలో, చావుల్లో, పూజలో మూడో బెంచీ కుడి చివర, ఎప్పుడూ ఆ వీపే. మర్యాద అంటే గౌరవమని మా తల్లి చెప్పేది. గౌరవమే కావచ్చు. తలుపు మీద తెర అందానికే వేస్తారు, కాని తెర వెనక ఎవరిని కొడుతున్నారో కనబడకుండా పోతుంది కదా.

"పెద్దమ్మా, వరండాలో ఉన్నాయన కాగితం ఇంకెంతసేపని అడుగుతున్నాడు," అని తొరికా వచ్చింది. ఈ ఆస్పత్రికి ఉన్న ఇద్దరు నర్సుల్లో ఒకతె, నా చిన్న చెల్లెలు వికతోరియా కూతురు, ముప్పై నాలుగేళ్ళది. చేతిలో ముద్ర, సిరా దిండు సిద్ధంగా పట్టుకొని ఉన్నది.

"ఆయన్నే వచ్చి అడగమను."

"ఆయన మిమ్మల్నెలా అడుగుతాడు? ఏం మాట పెద్దమ్మా అది!"

"నోరున్నది కదా."

"మీకు ఎండ దెబ్బ తగిలినట్టుంది. నీళ్ళు తెమ్మంటారా?"

"వద్దు. వెళ్ళి చెప్పు. కాగితం లోపలున్నది, దాన్ని బయటికి తెచ్చే మాట నా దగ్గరున్నది, ఆ మాట కావాలంటే గుమ్మంలోకి వచ్చి నా ముఖం చూసి అడగమను."

ఆమె తెర మీది పెట్టె వంక చూసింది, నా వేళ్ళ వంక చూసింది. అంతవరకు యంత్రమే మొండికేసిందని అనుకున్నదేమో పాపం. యంత్రం ఏనాడూ మొండికేయలేదు. యంత్రం అడుగుతున్నది. అడగడం దాని పని.

ఈ అధికారాన్ని నేను కోరి తెచ్చుకోలేదు. ఐదు నెలల కిందటి వరకు ఈ ప్రింటరు మీద ఎవరైనా ఏదైనా అచ్చు వేసుకునేవారు. రగ్బీ పోటీల శుక్రవారం మా ఊరి జట్టులో పదిహేను మందికీ ఒకే రోజు ఒకే తరహా నడుమునొప్పి వచ్చినట్టు, మూడు రోజులు సెలవు ఇవ్వవలసినట్టు, ఒకే తప్పుతో పదిహేను వైద్య పత్రాలు ఈ గదిలో నుంచి బయటికి వెళ్ళాయి. ఆ నడుములే పోటీలో కప్పు గెలిచి ఊరేగింపుగా వచ్చాయి, పత్రికలో బొమ్మ కూడా పడింది. సువాలోని మా ప్రధాన కార్యాలయం వారు ఆ బొమ్మ చూసి రోనీల్ చంద్ అనే కంప్యూటరు మనిషిని పంపారు. నౌసోరి వాడు, సన్నటి మనిషి, పడవ ప్రయాణం పడక వచ్చేటప్పుడే రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. "ఆంటీ, ఈ ప్రోగ్రాము మీకంటే పాతది," అన్నాడు, అని నా ముఖం చూసి, "అంటే నాకంటే అన్నమాట," అని దిద్దుకున్నాడు. "ఇది ప్రింటరు దగ్గరికి పోయినప్పుడల్లా లోపల తాళం వేసిన గది ఒకటి తెరవాలని చూస్తుంది. అందుకే అడ్మినిస్ట్రేటరు అనుమతి అడుగుతుంది. అసలైతే దీనికి ఆ ఒక్క గది తాళం ఇచ్చి ఊరుకోవాలి. ఎంత కావాలో అంతే, అదే పద్ధతి. కాని అట్లా సర్దాలంటే ఒక పూట పడుతుంది, నా పడవేమో మూడింటికి. అందుకని గుత్తి మొత్తం మీ చేతిలో పెడుతున్నా." నాకే ఎందుకని అడిగాను. "మీరైతే ఎవరికీ ఇవ్వరు ఆంటీ. మీరంటే ఇక్కడ కుక్కలు కూడా అరవడం మానేస్తాయంట," అని నవ్వాడు. రెండు నెలల్లో వచ్చి సర్దుతానని వెళ్ళినవాడు ఇంతవరకు రాలేదు.

గుత్తి మొత్తం. మా తండ్రి ముప్పై గజాల లోతున వల విప్పబోయి పైకి రానినాడు మా వంశం వారు కూడా ఆ పనే చేశారు. అప్పటికి కలియోపాతేకు ఇరవై నాలుగేళ్ళు. పడవ చూసుకోవడానికి ఒకరు కావాలి, అంతే, ఒక్క గది తాళం. కాని పెద్దలు సాయంత్రం వరకు యాంగోనా వేరు పానీయం తాగి, ఎవరు ఏ పొలంలో చేమదుంప నాటాలి, ఎవరు ఏ పడుచును ఎవరికి ఇవ్వాలి, ఎవరు ఇంట్లో ఉండాలి, ఎవరు ఇల్లు వదలాలి, అన్నీ కలిపి ఆ ఇరవై నాలుగేళ్ళ చేతుల్లో పెట్టి, చప్పట్లు కొట్టి లేచిపోయారు. వాడికేం తెలుసు? వల అల్లడం తెలుసు. వాడు అన్నాను. మనసులోనైనా సరే అన్నను ఆ మాట అనకూడదు. అంటాను. ఈ గంట అంటాను.

వికతోరియా ఇరవై తొమ్మిదేళ్ళ కిందట సెప్టెంబరులో దీవి అవతలి వైపు నుంచి కాలినడకన వచ్చింది, ఐదేళ్ళ తొరికాను వీపున కట్టుకొని, ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయి. నేరుగా పోలీసు ఠాణాకు వెళ్ళింది, ఆ తరవాతే నా దగ్గరికి వచ్చింది. ఆ వరస నాకు అప్పుడు నచ్చలేదు, ఇప్పుడు నచ్చుతుంది. నాలుగో రోజు ఆమె భర్త తాలూకు మనుషులు తిమింగలపు పన్ను పట్టుకొని మా అన్న ఇంటికి వచ్చి, తలలు వంచి, చాప మీద కూర్చున్నారు. ఆ తంతును మేము పూడ్చడం అంటాము. పన్ను అందుకుంటే జరిగినది పూడ్చినట్టు. ఆ పైన ఎవరూ దాన్ని తవ్వకూడదు, భార్య కాదు, తల్లి కాదు, పోలీసు కూడా కాదు. అందుకునేది ఇంటి పెద్ద. దెబ్బలు తిన్నది వెనక గదిలో ఉంటుంది. కలియోపాతే అందుకున్నాడు. ఆయన వికతోరియాను అడగలేదు, ఆమె చెల్లెలు కదా, ఆమెతో మాట్లాడకూడదు కదా, మర్యాద. ఆ సాయంత్రమే మా పిన్ని కొడుకు ద్వారా నాకు కబురు వచ్చింది: ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు ఒక కాగితం టైపు చేసి ఠాణాకు పంపమని.

టైపు చేసింది నేను. ఇక్కడే, ఈ బల్ల మీదనే. అప్పుడు ఇక్కడ టైపు మిషను ఉండేది. మూడు కార్బను ప్రతులు. వికతోరియా ఎదురుగా స్టూలు మీద కూర్చొని, బాగున్న కంటితో నా వేళ్ళను చూస్తున్నది. "అక్కా, 'నా ఇష్టపూర్వకంగా' అని కొట్టావా?" అన్నది. "అన్నయ్య పంపిన మాట అదే," అన్నాను. "సరే అయితే," అన్నది. అని సంతకం పెట్టింది, కాన్వెంటు సంతకం, ప్రతి అక్షరమూ గీత మీద నిలబడి. ఆ స్టూలు నుంచి లేచేటప్పుడు బల్ల అంచు పట్టుకున్నది, పక్కటెముకలు విరిగి ఉన్నాయని నాకు తరవాత తెలిసింది. తరవాత కాదు. అప్పుడే తెలుసు. మనిషి ఎలా లేస్తే ఏది విరిగినట్టో ఆస్పత్రి బల్ల వెనక పదిహేనేళ్ళు కూర్చున్నదానికి తెలియదా? భర్త ఇంటికి తిరిగి వెళ్ళిన పదకొండు వారాలకు మెట్ల మీద నుంచి జారిపడి చనిపోయిందని కబురు వచ్చింది. ఆ ఇంటికి రెండే మెట్లు. ఆమె భర్త మరో దీవికి పోయి, మరో పెళ్ళి చేసుకొని, పదహారేళ్ళు బతికి, మంచం మీద, మనవల నడుమ, పాదిరి చేత నూనె రాయించుకొని పోయాడు. టైపు చేయడం వేరు, నిర్ణయించడం వేరు, అని ఇన్నేళ్ళూ అనుకుంటూ వచ్చాను. చేసినవీ, చేయక వదిలినవీ రెండూ పాపాలేనని సిస్టర్ మాకు పుస్తకం చూడకుండా చెప్పించేది. చెప్పినదల్లా చేసిన పాపం ఎందులోకి వస్తుందో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు, అడిగితే కొలబద్ద.

నాలుగూ ఇరవై ఐదు. రేవులో నుంచి కొమ్ము ఒకసారి మోగింది. ఆ వెంటనే కిటికీ దగ్గర సాకియుసా తల, పడవ నడిపేవాడు, మా మేనత్త కొడుకు, నాకు బావ. గొడుగంత జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. "ఓ మరదలా! ఆ ప్రింటరుతో కాపురం ఎప్పుడు పెట్టావే? నన్ను కట్టుకొని ఉంటే ఈపాటికి పదిమంది పిల్లలు నీకు."

"నిన్ను కట్టుకొని ఉంటే పదిమందీ ఈత రాక మునిగేవాళ్ళు బావా. నీకే రాదు."

"ఓహో! పళ్ళన్నీ ఊడినా నాలుక మాత్రం ఊడలేదు!" అని ఊచలు పట్టుకొని నవ్వి, ఆ నవ్వులోనే గొంతు తగ్గించాడు. "సరే గాని, విను. ఐదుంపావు దాటితే దిబ్బ సందులో నీళ్ళుండవు, పగడం పైకి తేలుతుంది. పిల్లదాని కోసం ఆ పావుగంట ఆగుతా. అంతకు మించి నా వల్ల కాదు. నలభై రెండు మందిని ఎక్కించా, రెండు ఆవులు కూడా. ఏమైందే? కరెంటు లేదా?"

"ఉన్నది."

"కాగితాలు లేవా?"

"ఉన్నాయి."

అతడు వరండాలోని వీపును చూశాడు, నన్ను చూశాడు. దీవి మీద అందరికీ అన్నీ తెలుసు. "అకెనెతా," అన్నాడు, ఎగతాళి లేకుండా అతడు నా పేరు పలకడం బహుశా అదే మొదలు, "ఇవాళ కాదే. ఇంకో రోజు చూసుకో." ఇంకో రోజు. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఇంకో రోజే చూస్తున్నాను. బావతో నేను పడకగది మాటలు కూడా ఊరంతా వినేలా అనవచ్చు, ఎవరూ తప్పు పట్టరు, పగలబడి నవ్వుతారు. ఒక్క కడుపున పుట్టినవాణ్ణి, నా చెల్లెల్ని ఎందుకు పంపావు అని మాత్రం అడగకూడదు. ఈ ఏర్పాటును ఎవరు చేశారో వారికి ఆడబిడ్డలు లేరు కాబోలు.

తొరికా మళ్ళీ వచ్చింది. ఈసారి తలుపు దగ్గరగా వేసింది. "ఆయన ఏమీ అనడం లేదు. తల వంచుకొని కూర్చున్నాడు. అసలు మీకేం కావాలి పెద్దమ్మా? నాకు చెప్పండి, నేను చెప్తా."

"'వికతోరియాను తిప్పి పంపింది నేను. ఆమెను అడగకుండా పంపింది నేను. ఆమె చావు నా చేతి మీదుగా జరిగింది.' ఈ మూడు మాటలు. తన నోటితో, నాతో. నీ ద్వారా కాదు."

ఆమె సిరా దిండు మూత తీసింది, వేసింది. "ఇది మా అమ్మ కోసమా?"

"మరెవరి కోసం?"

"మా అమ్మ మిమ్మల్ని అడిగిందా?"

ఈ పిల్లను ఐదో ఏట నుంచి పెంచాను. జడలు వేశాను, ఎక్కాలు చెప్పాను, అబద్ధమాడితే కొట్టాను. నా నుంచే నేర్చుకున్నది, ప్రశ్నను చాకులాగా పిడి వైపు నుంచి కాక మొన వైపు నుంచి అందించడం. మేనమామ ఇంట్లో ఆడపడుచు బిడ్డకు అడ్డు ఉండదు. పందిని తోలుకుపోయినా, చాప చుట్టుకుపోయినా ఎందుకని అడిగేవారు ఉండరు, తీసుకుపోయినకొద్దీ ఆ ఇంటికి పరువు. తొరికా ఇంతవరకు ఆ ఇంటి నుంచి ఒక్క గుడ్డు తీసుకోలేదు. ఆ ఇంట్లో గుక్కెడు నీళ్ళు తాగలేదు. పెళ్ళికి ఆయన పంపిన చాపలు గుమ్మం బయటే తడిసి కుళ్ళిపోయాయి. ఆయన్ను మావయ్యా అని పిలవలేదు. పిలవవలసి వస్తే, వరండాలో ఉన్నాయన, పడవ తాలూకు ఆయన, మూడో బెంచీ ఆయన. నేను నేర్పానని ఊరంటుంది. నేను నేర్పలేదు. అడ్డుపడలేదు, అంతే. వికతోరియాకు ఈ భూమి మీద జరిగిన న్యాయమంతా అదే: ఒక మేనకోడలు ఒక ఇంటి నుంచి ఏమీ తీసుకోకపోవడం. ఊరు ప్రతి ఏడూ దాన్ని చూసింది. ఆయనా చూశాడు. కాని నాకు అది చాలలేదు. ప్రతీకారానికి అవతలివాడు ఏడిస్తే చాలు. న్యాయానికి అవతలివాడు చెప్పాలి. నాకు మాట కావాలి. నేను మాటల మనిషిని, జీవితమంతా ఇతరుల మాటలు కొట్టినదాన్ని.

నాలుగూ నలభై. తలుపు సందులో నుంచి సెయిని దూరి వచ్చింది. పెదవులు నేరేడు రంగు, గోళ్ళు కూడా. వరండా నుంచి బల్ల దాకా పది అడుగులు వేసి, ఆయాసానికి వంగి మోకాళ్ళు పట్టుకొని, ముసలిదానిలాగా నిలబడింది. కొత్త గౌను. మెడలో ప్లాస్టిక్కు శిలువ.

"అవ్వా, ప్రింటరు చెడిపోయిందా?"

పిల్లలతో అబద్ధమాడకూడదు. "లేదు. నేను ఆపాను."

"ఎందుకు?"

"మీ తాత ఒక తప్పు చేశాడు. ఒప్పుకోవాలి."

ఆమె ఊపిరి అందేదాకా ఆగి ఆలోచించింది. "అయితే తాతని బెత్తంతో కొట్టు. నాకు కాగితమివ్వు. అమ్మ రేవులో చోటు పట్టుకొని కూర్చుంది, బన్ను కూడా కొన్నది, నువ్వు లేటు చేస్తే ఆవు తినేస్తుంది."

"వెళ్ళి బయట కూర్చో."

"తాతకి పలకడం రాదు అవ్వా, సిగ్గు. నాకు చెప్పు, నేను చెప్పిస్తా."

"బయట కూర్చో అన్నాను." నా గొంతు సిస్టర్ అనన్సియాటా గొంతు. పిల్ల తిరిగి పది అడుగులు వేసింది, ఆరో అడుగు దగ్గర గోడ పట్టుకున్నది. తెర మీద పెట్టె అడుగుతూనే ఉన్నది. కాదు అని నొక్కడానికి కూడా ఒక మీట ఉన్నది. నేను దాన్నీ నొక్కలేదు. అవును అనలేదు, కాదు అనలేదు, ఊరుకున్నాను. ఊరుకోవడంలో ఇంత బలమున్నదని మా అన్నకు ముప్పై ఏళ్ళ కిందటే తెలిసి ఉంటుంది. ఈ పిల్ల వికతోరియా గురించి ఏమీ ఎరుగదు. వికతోరియా కూడా ఏమీ చేయలేదు. ఒక పిల్లకు బదులు ఒక పిల్ల, అని నా లోపల ఎవరో అన్నారు, చాలా ప్రశాంతంగా, లెక్కల టీచరు గొంతుతో, నేను ఉలిక్కిపడలేదు. ఉలిక్కిపడవలసింది.

నాలుగూ యాభై రెండు. వరండాలో వీపు కదిలింది. ఆయన లేచి, లోపలికి వచ్చి, గుమ్మం ఇవతల మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ముఖం నేలకు. మా ఇద్దరి నడుమ ఆరు అడుగుల సిమెంటు నేల, నా ఎదురుగా ఆయన నడినెత్తి, అక్కడ జుట్టు లేదని నాకు ఇదివరకు తెలియదు. చెప్పబోతున్నాడు. ఆయన సంచిలో చేయి పెట్టి తిమింగలపు పన్ను తీశాడు.

ఆ పన్నును నేను ఎరుగుదును. పొగకు ముదురు గోధుమ రంగు తేలి, మొన దగ్గర పెచ్చు ఊడి, పాత జనపతాడు. ఆ సెప్టెంబరులో అవతలి వాళ్ళు తెచ్చినది అదే. పన్ను ఒక ఇంట్లో నిలవదు, ఒక పెళ్ళికి వచ్చినది ఇంకో చావుకు వెళ్ళిపోతుంది, అదే దాని బతుకు; దీన్ని ఆయన ఇన్నేళ్ళూ ఏ పెళ్ళికీ ఏ చావుకీ ఇవ్వకుండా ఇంట్లో పెట్టుకొన్నాడు. ఎందుకు పెట్టుకొన్నాడో ఆలోచించడానికి నాకు మనసు రాలేదు. రెండు చేతుల మీద దాన్ని పట్టుకొని, నేల వంక చూస్తూ, పెద్దల సభలో మాట్లాడే ఆ సన్నటి గొంతుతో ఆయన మొదలుపెట్టాడు: "ఈ ఇంటికి వినయంగా విన్నవించుకుంటున్నాను. మా వల్ల ఎప్పుడైనా జరిగిన లోటుపాట్లన్నిటినీ దీనితో పూడ్చి, మా బిడ్డ మీద దయచూపమని ఈ ఇంటిని వేడుకుంటున్నాను."

ఈ ఇంటికి. నాకు కాదు. సభలో ఇంటిని ఉద్దేశించి మాట్లాడితే మనిషితో మాట్లాడినట్టు కాదు, మర్యాద చెడలేదు. లోటుపాట్లు. మా చెల్లెలు ఒక లోటుపాటు, ఆమె పక్కటెముకలు ఎప్పుడైనా జరిగినవి. ఆ ఇంటి రెండు మెట్లు, నా మూడు కార్బను ప్రతులు, అన్నీ కలిపి ఒక మాట, పేరు లేని మాట. నా చేతులు ఒళ్ళో నుంచి కదలలేదు. కదలవు. పన్ను పట్టుకొని ఆయన అలాగే కూర్చోవాలి, అందుకునేవారు లేకపోతే లేవకూడదు; అందుకోకుండా ఒక మనిషిని అలా కూర్చోబెట్టడం కంటే పెద్ద అవమానం మాలో లేదు. కూర్చోనీ. డెబ్బై ఒక్క ఏళ్ళ మోకాళ్ళు సిమెంటు మీద ఎంతసేపు ఆగుతాయో చూద్దాం. జనపతాడు ఊగుతున్నది. పేరు చెప్పు. ఒక్క పేరు. ఐదక్షరాలు. రేవులో కొమ్ము రెండోసారి మోగింది, వరండాలో పిల్ల దగ్గింది, ఆయన నోరు తెరిచాడు, మూశాడు, తెరిచాడు, ఏమీ రాలేదు; ఆ గొంతులో అసలు ఆ పేరుకు దారి ఉన్నదో లేదో, యాభై ఏళ్ళు మూసి ఉంచిన తలుపు తాళంతో మూసుకున్నదో తుప్పుతో మూసుకున్నదో నాకు తెలియదు, తెలుసుకోదలచుకోలేదు. ఐదూ రెండు. ఐదూ ఐదు. నేను గెలుస్తున్నాను అనుకున్నాను.

అప్పుడు నా పక్క నుంచి తొరికా నడిచింది. ముద్రనూ సిరా దిండునూ బల్ల మీద పెట్టి, నర్సు గౌను మోకాళ్ళ కిందికి సర్దుకొని, ఆయనకు ఎదురుగా నేల మీద కూర్చున్నది.

"తొరికా," అన్నాను. "లే."

ఆమె అరచేతులు దొప్పలు చేసి మూడుసార్లు చరిచింది.

"నీకు ఆ హక్కు లేదు. నేను ఉన్నాను. లే అక్కడి నుంచి."

"మీరు తీసుకోరు. ఆయన చెప్పడు. సెయిని ఐదుంపావు దాకా బతికున్నట్టు, ఆ తరవాత లేనట్టు," అన్నది, నా వైపు తిరగకుండానే. తరవాత రెండు చేతులా పన్ను అందుకొని, ఆచారం ప్రకారం దాన్ని పెదవులకు ఆనించింది. ఆనించినప్పుడు ఆమె మెడ మీద నరం ఉబ్బింది. వాంతి వచ్చేవాళ్ళకు అలా ఉబ్బుతుంది, నేను ఆస్పత్రిలో చూశాను. "వికతోరియా కూతుర్ని, నేను తీసుకుంటున్నాను," అన్నది. "పూడ్చేశాం. ఈ ఇంట్లో గాని ఆ ఇంట్లో గాని దీన్ని ఇక ఎవరూ తవ్వకూడదు. నేను కూడా." ఆ పేరు ఆయన ఎదుట పలికింది ఆమె ఒక్కతే. కలియోపాతే నుదురు నేలకు ఆనింది. ఆయన భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడేమో, నేను కోరినది అది కాదు. పన్ను అందుకుంటే అయిపోయినట్టే. రేపటి నుంచి నేను ఏ బల్ల ముందు, ఏ పాదిరి ముందు, ఏ సభలో ఆ పేరు ఎత్తినా తప్పు నాదే అవుతుంది. ఇరవై తొమ్మిదేళ్ళు ఆ పిల్ల తన పళ్ళ బిగువున నిలబెట్టినదాన్ని నేను ఒక్క గంటలో ఆమె చేతనే పాతిపెట్టించాను. వికతోరియాను ఎవరూ అడగలేదు. ఈమెనూ ఎవరూ అడగలేదు.

"ఇప్పుడు కొట్టండి," అన్నది తొరికా.

కొట్టాను. పదకొండు అక్షరాలు, తెర మీద పదకొండు నల్లటి చుక్కలు. వేళ్ళు తడబడలేదు, టైపు నేర్చిన వేళ్ళు, ఎవరు చెప్పినా కొడతాయి. పెట్టె మాయమైంది. ప్రింటరు ఒకసారి దగ్గి, కాగితాన్ని లోపలికి లాక్కొని, వెచ్చగా బయటికి వదిలింది: సెయిని పేరు, వయసు, వరస సంఖ్య, రోగం. తొరికా పన్నును చంకన పెట్టుకొని, నా చేతిలో నుంచి కాదు, ప్రింటరు నోట్లో నుంచే కాగితాన్ని తీసుకొని, ముద్ర కొట్టి, ఊదింది. ఐదూ తొమ్మిది. ఆయన అప్పటికే లేచి వరండాలో పిల్లను భుజాన వేసుకున్నాడు. ఆమె గుమ్మం దాటి వెళ్ళి కాగితం అందించింది.

"మావయ్యా, ముద్ర ఇంకా ఆరలేదు," అన్నది. "పడవలో తడవనివ్వకండి."

ఆ మాట ఎంత మామూలుగా వచ్చిందంటే, చిన్నప్పటి నుంచి రోజూ పిలుస్తున్నట్టే వచ్చింది.